బిల్లు బాధా, కోతల బాధా? ఇంటి సోలార్‌ను సొంతంగా ప్లాన్ చేసుకునే లెక్క

ఇంటికి సోలార్ పెట్టుకుందాం అనుకోగానే ఎక్కువ మంది అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోవాట్లు పెట్టాలి?" అని. షాపు వాళ్లు కూడా వెంటనే ఒక అంకె చెప్పేస్తారు. అంతకంటే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీకున్నది బిల్లు బాధా, కోతల బాధా? నెల తిరిగేసరికి వచ్చే మూడు నాలుగు వేల బిల్లు తగ్గాలన్నది మొదటిది. గాలివాన వచ్చినా, లైను మీద పని జరుగుతున్నా ఇంట్లో ఫ్యాను ఆగకూడదన్నది రెండోది. రెండూ కరెంటు కష్టాలే. కానీ వాటికి కావలసిన సామాను వేరు, ఖర్చు వేరు, మన చేతులతో చేసుకోగలిగిన పని కూడా వేరు. ఒకదాని కోసం డబ్బు పెట్టి, రెండోది కూడా దానితో పాటే వచ్చేస్తుందనుకుని నిరాశపడేవాళ్లు చాలామంది. కష్టపడి దాచుకున్న డబ్బు అలా పోకూడదు. అందుకే ఈ లెక్కంతా మొదటి నుంచి విప్పి చెబుతున్నాను.

నడినెత్తిన ఎండ, ఇంట్లో చీకటి

బిల్లు తగ్గించే పద్ధతి పేరు ఆన్‌గ్రిడ్. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్ ఏసీగా, అంటే ఇంట్లో వాడే రకం కరెంటుగా మార్చి ఇంటి లైనులోకి పంపుతుంది. ఇంట్లో వాడగా మిగిలింది డిస్కమ్ (కరెంటు సరఫరా చేసే సంస్థ) లైనులోకి పోతుంది, నెట్ మీటర్ దాన్ని లెక్కగట్టి బిల్లులో తగ్గిస్తుంది. బ్యాటరీ ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ, చూసుకోవాల్సిన పనీ తక్కువ.

ఇందులో చాలామందికి ముందుగా ఎవరూ చెప్పని సంగతి ఒకటి. లైనులో కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఎండలో మెరుస్తుంటాయి, కింద హాల్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆఫ్ చేసి స్తంభం ఎక్కాడనుకోండి. ఆ వీధిలో ఒక్క ఇంటి సోలార్ లైనులోకి కరెంటు నెడుతున్నా అతని ప్రాణానికే ముప్పు. అందుకే లైను పోయిన రెండు సెకన్లలోపు ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలని ప్రమాణం పెట్టారు. అనుమతి లేకుండా, ఎక్కడో దొరికిన ఇన్వర్టర్‌ను ప్లగ్గులో పెట్టి లైనులోకి కరెంటు పంపే ప్రయోగాలు ఎవరు చూపించినా చేయకండి. ఇంకో మనిషి చేతులు ఆ తీగ మీద ఉంటాయి. పైగా పాత డిజిటల్ మీటర్లలో చాలా వాటికి కరెంటు లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అన్న తేడా తెలియదు. మీరు బయటికి పంపినదాన్ని కూడా వాడినట్టే లెక్కవేసి బిల్లు పెంచుతాయి.

కాబట్టి ఆన్‌గ్రిడ్ మొత్తం సొంతంగా చేసుకునే పని కాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, గరిష్ఠంగా 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. దానికి దేశంలోనే తయారైన ప్యానెళ్లు వాడాలి, పథకంలో నమోదైన వెండరే బిగించాలి, నెట్ మీటర్ ఉండాలి. మీరు సొంతంగా ప్యానెళ్లు తెచ్చి బిగించుకుంటే ఈ సబ్సిడీ రాదు. బ్యాటరీకైతే ఎలాగూ రాదు. ఇది ముందే తెలిసి నిర్ణయం తీసుకోవాలి.

కోతల బాధ తీర్చేది ఆఫ్‌గ్రిడ్. ప్యానెల్, బ్యాటరీ ఛార్జింగ్‌ను అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీ, ఇన్వర్టర్ అన్నీ మీ ఇంటి లోపలే. లైనులోకి ఏమీ పోదు. సొంతంగా చేసుకోవాలన్న ఉత్సాహం ఉన్నవాళ్లకు ఇదే అసలు మైదానం. ఈ రెండు పనులూ చేసే హైబ్రిడ్ ఇన్వర్టర్లు కూడా ఉన్నాయి. కరెంటు పోగానే లైనును పూర్తిగా తెంచుకుని, ఇంట్లో ఎంచుకున్న కొన్ని పాయింట్లను మాత్రం బ్యాటరీ మీద నడుపుతాయి. సౌకర్యం బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది.

స్లాబుల్లో దాగిన లెక్క

బిల్లు కోసమే అయితే ముందు మీ ఏడాది బిల్లులన్నీ బయటికి తీయండి. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హత ఉండి, నెలకు 200 యూనిట్ల లోపే వాడుతున్న ఇంటికి ఇప్పటికే సున్నా బిల్లు. ఆ ఇంట్లో బిల్లు తగ్గించడానికి సోలార్ పెట్టడంలో అర్థం లేదు. కోతలే ఇబ్బందైతే చిన్న బ్యాటరీ సిస్టమ్ చాలు.

బిల్లు కట్టే ఇళ్లలో అందరూ చేసేది సగటు లెక్క, మోసపోయేది కూడా అక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన టారిఫ్‌నే తీసుకుందాం. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 450 యూనిట్లు వాడే ఇంటికి 2 కిలోవాట్ల సోలార్ పెడితే నెలకు సుమారు 240 యూనిట్లు వస్తాయి. అవి పైస్లాబుల నుంచి తగ్గుతూ వస్తాయి. 9.75 వాటివి 50, 8.75 వాటివి 175, మిగతా 15 యూనిట్లు 6 రూపాయలవి. అంటే ఎనర్జీ చార్జీల్లోనే నెలకు దాదాపు 2,100 రూపాయలు మిగులుతాయి.

అదే ఇంటికి ఇంకో 2 కిలోవాట్లు కలిపితే? మిగిలిన 210 యూనిట్లన్నీ చవక స్లాబుల్లోవే. మొత్తం పోయినా తగ్గేది 930 రూపాయల లోపు. సబ్సిడీని పక్కన పెడితే మొదటి 2 కిలోవాట్లకూ రెండో 2 కిలోవాట్లకూ పెట్టుబడి ఇంచుమించు ఒకటే, రాబడి మాత్రం సగం కూడా లేదు. "ఎలాగూ పెడుతున్నారు, ఐదు కిలోవాట్లు పెట్టేయండి" అనే మాట వినగానే మీ స్లాబులు గుర్తు తెచ్చుకోండి.

వాట్లు, యూనిట్లు, ఒక ఇల్లు

ఇక బ్యాటరీ సిస్టమ్. ఇక్కడ మొదట స్థిరపడాల్సింది వాట్‌కూ యూనిట్‌కూ ఉన్న తేడా. వాట్ అంటే బండి స్పీడు లాంటిది, యూనిట్ అంటే తిరిగిన దూరం. ఇన్వర్టర్ సైజు వాట్లను బట్టి, బ్యాటరీ, ప్యానెళ్ల సైజు యూనిట్లను బట్టి ఉంటాయి. ఈ ఒక్కటి పట్టుబడితే సగం అయోమయం పోతుంది.

ఒక రెండు గదుల డాబా ఇల్లు తీసుకుందాం. కరెంటు ఉన్నా పోయినా నడవాల్సిన వాటినే రాద్దాం. తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, రోజుకు 12 గంటలు: 1,080 వాట్ అవర్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు, 5 గంటలు: 270. ఫ్రిజ్ రోజుకు సుమారు 1,000. టీవీ 80 వాట్లు, 4 గంటలు: 320. వైఫై రూటర్ రోజంతా: 240. ల్యాప్‌టాప్, ఫోన్లు: 200. మిక్సీ పావుగంట: 150. మొత్తం 3,260. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కాబట్టి 3.26 యూనిట్లు.

ఇదే ఇంట్లో మామూలు 75 వాట్ల ఫ్యాన్లుంటే ఆ మూడింటికే 2,700 అవుతుంది. 1.6 యూనిట్లు అదనం. ఆ అదనపు కరెంటు కోసం ఇంచుమించు ఇంకో ప్యానెల్, దానికి తగ్గ బ్యాటరీ కొనాలి. మూడు ఫ్యాన్లు మార్చడం దానికంటే చాలా చవక. సోలార్ ప్లాన్‌లో పెట్టే మొదటి ఖర్చు ఫ్యాన్ల మీదే ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

ఈ లిస్టులోకి రాకూడనివి కూడా ఉన్నాయి. గీజర్ 2,000 వాట్లు, ఇండక్షన్ స్టవ్ 2,000, ఇస్త్రీ పెట్టె 1,000. వేడి పుట్టించే ఏ వస్తువునూ బ్యాటరీ మీద పెట్టకండి. నీళ్ల మోటారు సంగతి ఇంకో రకం. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్లే తీసుకున్నా, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఆ ఒక్క క్షణం కోసం పెద్ద ఇన్వర్టర్ కొనడం దండగ. కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపుకుంటే సరిపోతుంది. మోటారు పక్కన పెడితే ఈ ఇంటికి 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ధారాళంగా చాలు.

లెక్కలో దాదాపు అందరూ మరిచిపోయేది ఇన్వర్టర్ సొంత ఖర్చు. ఇంట్లో ఏమీ నడవకపోయినా అది తన కోసం కొంత తింటూనే ఉంటుంది. ఈ సైజు వాటిలో 40 వాట్లు అనుకున్నా రోజుకు దాదాపు ఒక యూనిట్. మన ఇంటి మొత్తం వాడకం 3.26 అయితే దానికి దాదాపు మూడో వంతు ఇదే! అందుకే అవసరానికి మించిన ఇన్వర్టర్ కొంటే అది రోజూ కనిపించకుండా తినే నష్టం. కొనేముందు డేటా షీట్‌లో నో లోడ్ కన్సంప్షన్ అన్న వరుస వెతికి చదవండి.

బ్యాటరీకి రాత్రే కొలత

బ్యాటరీని రోజు మొత్తం వాడకంతో కొలవక్కర్లేదు. పగలు ఎండ నేరుగా నడిపిస్తుంది. సాయంత్రం 6 నుంచి పొద్దున 7 దాకా కావలసినదే లెక్క. మన ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, సగం రోజు ఫ్రిజ్, టీవీ అన్నీ కలిపి 2 యూనిట్లు కాస్త పైన. ఇన్వర్టర్‌లో పది శాతం నష్టం, దాని సొంత ఖర్చు కలిపితే 2.8 యూనిట్లు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం దాకా ఇబ్బంది లేకుండా వాడుకోవచ్చు. 2.8కి 3.5 యూనిట్ల బ్యాటరీ కావాలి. మార్కెట్‌లో తేలిగ్గా దొరికే 51.2 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల ప్యాక్‌లో 5.12 యూనిట్లు పడతాయి. ఒక మబ్బు రోజుకు కూడా కాస్త వెసులుబాటు ఉంటుంది.

అదే ట్యూబులర్ లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి దించకూడదు. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, వాడదగినది 0.9. అంటే ఇలాంటివి నాలుగు కావాలి. పైగా ఆ 150 అన్న అంకె నెమ్మదిగా, పది ఇరవై గంటల పాటు వాడితేనే నిజం. రెండు గంటల్లో పిండేస్తే అంత రాదు. డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి దేవుడి గది పక్కన, దీపం వెలిగే చోట అసలే పెట్టకూడదు. వేడి దానికి శత్రువు. సుమారు 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ నమ్మే లెక్క. రామగుండం, కర్నూలు ఎండల్లో రేకుల షెడ్డు కింద పెట్టిన బ్యాటరీ తొందరగా పోయిందంటే తప్పు కంపెనీది కాకపోవచ్చు. ఇప్పటికే ఇంట్లో మంచి ట్యూబులర్ బ్యాటరీలుంటే వాటిని వాడుకోండి. కొత్తగా కొనేవాళ్లకైతే లిథియమే నా సలహా.

విడి సెల్స్ తెప్పించుకుని సొంతంగా ప్యాక్ కట్టుకునేవాళ్లూ ఉన్నారు. 3.2 వోల్టుల సెల్స్ 16 వరుసగా (సిరీస్‌లో) కలిపి, సెల్స్‌ను కాపాడే సర్క్యూట్ బీఎంఎస్ బిగిస్తారు. చేయగలిగిన పనే. కానీ సెల్స్ అన్నీ ఒకే తీరువో కాదో పరీక్షించే సామాను, ఓపిక, అనుభవం కావాలి. ఒక స్పానర్ జారి రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే వేల ఆంపియర్లు పారి లోహమే కరిగిపోతుంది. మొదటిసారి చేసేవాళ్లు బీఎంఎస్‌తో వచ్చే రెడీమేడ్ ప్యాక్‌తోనే మొదలుపెట్టడం మంచిది.

ఇన్వర్టర్, బ్యాటరీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రకమో కాదో కొనకముందే కనుక్కోండి. మాట్లాడుకోకపోతే వోల్టేజీలు మనమే సెట్ చేయాలి. 16 సెల్స్ ప్యాక్‌కు ఛార్జింగ్ 55.2 వోల్టుల దగ్గర ఆపితే సెల్‌కు 3.45 పడుతుంది, అది నెమ్మదైన, క్షేమమైన కొలత. లెడ్ యాసిడ్ కోసం ఇన్వర్టర్‌లో ఉండే ఈక్వలైజేషన్ సెట్టింగ్ లిథియంకు ఆపేయాలి. అది ఆన్‌లో ఉండిపోతే వోల్టేజీ హద్దు దాటి బీఎంఎస్ మాటిమాటికీ తెంచేస్తుంది. ఇల్లంతా ఉన్నట్టుండి ఆగిపోతే టెన్షన్ పడి బ్యాటరీ పాడైందనుకుంటారు.

ఖర్చు గురించి ఒక మాట. ఇలాంటి ప్యాక్ లక్ష రూపాయలు అనుకుందాం. రోజూ అందులో 80 శాతం, 4.1 యూనిట్ల చొప్పున పదేళ్లు వాడితే దాదాపు 15 వేల యూనిట్లు. బ్యాటరీలో పెట్టి తీసినందుకే యూనిట్‌కు 6.70 రూపాయలు పడింది. అది కూడా రోజూ పూర్తిగా వాడితేనే. వారానికోసారి వచ్చే కోతకైతే యూనిట్ ఖరీదు ఎన్నో రెట్లు. నెట్ మీటర్ ఉన్నవాళ్లు బిల్లు తగ్గడం కోసం బ్యాటరీ కొనడం లాభసాటి కాదన్నది దీనివల్లే. బ్యాటరీకి పెట్టేది ఆదాయం కోసం కాదు. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్న పెద్దవాళ్లో, రాత్రుళ్లు ఇంటి నుంచి పనిచేసే పిల్లలో ఉంటే ఆ ఖర్చుకు వేరే లెక్క అక్కర్లేదు.

ప్యానెళ్లు, చలికాలం పొద్దు

మన ఇంటికి రోజుకు కావలసినది, నష్టాలన్నీ కలిపి, 4.8 యూనిట్ల దాకా వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. కానీ బ్యాటరీ మీద బతికే ఇంటిని సగటు కాపాడదు. జులై, ఆగస్టు ముసురులో 3 యూనిట్లు అనుకుని లెక్క వేయాలి. 1.6 కిలోవాట్లు కనీసం. వరసగా రెండు మబ్బు రోజులు వస్తే బ్యాటరీ తిరిగి నిండాలి కాబట్టి 550 వాట్ల ప్యానెళ్లు నాలుగు, 2.2 కిలోవాట్లు, పెట్టడం మేలు.

ఎండ ఎంత మండితే అంత కరెంటు అనుకుంటాం. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. దాని మీద రాసి ఉన్న 550 వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మే నెలలో డాబా మీద సెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం తగ్గి, 473 వాట్లే మిగులుతాయి. మన దగ్గర ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలోనే మంచి దిగుబడి కనిపిస్తుంది.

వేడికి వోల్టేజీ తగ్గుతుంది అంటే, చలికి పెరుగుతుందనే కదా. సొంతంగా చేసుకునేవాళ్ల సామాను కాలిపోయేది ఇక్కడే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం. 550 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే దానికి ఏమీ కలపనప్పుడు ఉండేది, సుమారు 49.5. ఛార్జ్ కంట్రోలర్ మీద గరిష్ఠంగా 150 వోల్టులు అని ఉంది. మూడు ప్యానెళ్లు వరుసగా కలిపితే 148.5. సరిపోయిందనిపిస్తుంది. డిసెంబరులో ఒక పొద్దున 10 డిగ్రీల చలిలో సూర్యుడు పైకి వస్తాడు. ప్యానెల్ ఇంకా చల్లగానే ఉంటుంది, 25 కంటే 15 డిగ్రీలు కింద. డిగ్రీకి 0.27 శాతం చొప్పున ఒక్కో ప్యానెల్ 51.5 వోల్టులకు ఎక్కుతుంది, మూడూ కలిపి 154కు పైనే. కంట్రోలర్ లోపలి భాగాలు పోతాయి, అలాంటి దానికి వారంటీ కూడా రాదు. హైదరాబాద్‌లోనే చలికాలం 10 డిగ్రీలకు దిగే రోజులున్నాయి. ఆదిలాబాద్ వైపు, పాడేరు, లంబసింగి వైపు చలి ఇంకా ఎక్కువ. ఇలాంటి కంట్రోలర్‌కు రెండేసి ప్యానెళ్ల వరుసలు రెండు వేసి, వాటిని పారలల్‌గా (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలపాలి.

కింది హద్దు కూడా ఉంది. 500 వోల్టుల దాకా తీసుకునే హైబ్రిడ్ ఇన్వర్టర్లు చాలా వరకు 120 వోల్టులు దాటితే గానీ పని మొదలుపెట్టవు. నాలుగు ప్యానెళ్లు వరుసగా పెడితే నడిచేటప్పుడు మామూలుగా 166 వోల్టులు, మండుటెండలో 143. ఇబ్బంది లేదు. రెండే పెడితే అది ఎప్పటికీ నిద్రలేవదు.

చవకగా దొరుకుతుందని పీడబ్ల్యూఎం అనే రకం ఛార్జ్ కంట్రోలర్ కొని, దానికి ఈ పెద్ద ప్యానెల్‌ను, 12 వోల్టుల బ్యాటరీని కలుపుతారు కొందరు. ప్యానెల్ 13 ఆంపియర్లు ఇస్తుంది, పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజీ దగ్గరికి లాగేస్తుంది. 13 ఆంపియర్లు, 13 వోల్టులు, 170 వాట్లు. 550 వాట్లకు డబ్బు కట్టి 170 వాడుకోవడం. ప్యానెల్ వాట్లన్నీ రాబట్టే ఎంపీపీటీ రకం కంట్రోలర్‌కు పెట్టే అదనపు డబ్బు మొదటి ఏడాదిలోనే తిరిగి వస్తుంది.

డాబా మీద

ప్యానెళ్లు దక్షిణానికి, 15 డిగ్రీల వాలుతో పెడితే మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా సరిపోతుంది. 10 డిగ్రీల కంటే చదునుగా పెడితే వానకు దుమ్ము కొట్టుకుపోదు. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల చోటు చూసుకోండి.

నీడను మాత్రం ఎండాకాలంలో చూసి నిర్ణయించకండి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు, నీడలు పొట్టిగా ఉంటాయి. డిసెంబరులో అదే సూర్యుడు దక్షిణానికి బాగా వాలిపోతాడు. ప్యానెళ్లకు దక్షిణాన ఆరడుగుల నీళ్ల ట్యాంకు ఉంటే మధ్యాహ్నం 12కే దాని నీడ ఐదడుగులు పడుతుంది, పొద్దున తొమ్మిదికి ఇంకా పొడుగు. మెట్ల గది, పక్కింటి కొబ్బరి చెట్టు, పిట్టగోడ, డిష్ యాంటెన్నా అన్నీ ఈ కళ్లతో చూడాలి. ఒక ప్యానెల్ మూల మీద నీడ పడితే ఆ వరుస మొత్తం దిగుబడి దెబ్బతింటుంది.

తర్వాత గాలి. విశాఖ, విజయవాడలకు భవన నిర్మాణ ప్రమాణాల్లో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఇంచుమించు ఆ వేగంతోనే తాకింది. ఆ గాలికి రెండున్నర చదరపు మీటర్ల ప్యానెల్ మీద పడే బలం సుమారు 390 కిలోలు. ప్యానెల్ బరువు 28 కిలోలే. నాలుగు ఇటుకలు పెట్టి, తాడు కట్టి ఉంచినది ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎగిరిపోయేది మీ ప్యానెలే అయినా పడేది ఎవరి మీదో! జింకు పూత వేసిన స్టాండు, స్లాబుకు కట్టిన కాంక్రీటు దిమ్మెలు కావాలి. స్లాబుకు రంధ్రాలు వేస్తే వాన నీరు దిగకుండా కెమికల్ సీలింగ్ చేయించాలి. ఈ పనికి మాత్రం మేస్త్రీని, వెల్డర్‌ను పిలవండి. తెలంగాణలో చాలా ఊళ్లకు కోతుల బెడద కూడా ఉంది. గుంపులు ప్యానెళ్ల మీద దూకుతాయి, వైర్లు పీకుతాయి. కేబుళ్లను పైపులో వేసి, స్టాండు కిందుగా కట్టేయడం తప్పనిసరి.

తీగలు, ఫ్యూజులు, ఆపలేని నిప్పు

ప్యానెళ్లు, బ్యాటరీలు ఇచ్చే డీసీ కరెంటు గురించి మామూలు ఇంటి వైరింగ్ చేసేవాళ్లకు కూడా పూర్తిగా తెలియకపోవచ్చు. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నా దగ్గరికి వస్తుంది, కాబట్టి స్విచ్ తీసినప్పుడు పుట్టే నిప్పురవ్వ వెంటనే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. రవ్వ పుట్టిందంటే సాగుతూనే ఉంటుంది, ప్లాస్టిక్‌ను కరిగించి మంట పెడుతుంది. అందుకే ప్యానెళ్ల వైపు డీసీ కోసం చేసిన ఎంసీబీలే (తేడా వస్తే తమంతట తామే తెంచే స్విచ్‌లు) వాడాలి. ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీ పెట్టడం ప్రమాదకరం. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ తీగల్లో కరెంటు ఉంటుంది, దానికి మెయిన్ స్విచ్ లేదు. లోడు నడుస్తుండగా ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు పీకకూడదు. నాలుగు ప్యానెళ్ల వరుసలో దాదాపు 200 వోల్టులుంటాయి, మనిషిని చంపడానికి అది చాలు.

బ్యాటరీ వైపు వోల్టేజీ తక్కువ, ఆంపియర్లు ఎక్కువ. 3 కిలోవాట్లకు 48 వోల్టుల బ్యాటరీ (51.2 వోల్టుల ప్యాక్‌ను కూడా ఇలాగే పిలుస్తారు) నుంచి దాదాపు 70 ఆంపియర్లు పారతాయి. 12 వోల్టులైతే 280. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదే తీగలో వేడి 16 రెట్లు. వెయ్యి వాట్లు దాటే ఏ సిస్టమ్‌కైనా 48 వోల్టులే తీసుకోమనడం ఇందుకే. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, వీలైనంత పొట్టిగా, బ్యాటరీకి దగ్గరగా డీసీ ఫ్యూజుతో వేయాలి. ప్యానెళ్ల నుంచి కిందికి 4 లేదా 6 చదరపు మిల్లీమీటర్ల సోలార్ డీసీ కేబులే వాడాలి, ఎండకు పగలనిది అదే. స్టాండుకు ఎర్తింగ్, వోల్టేజీ ఉన్నట్టుండి ఎగిస్తే కాపాడే డీసీ సర్జ్ ప్రొటెక్టర్, పిడుగులు పడే ప్రాంతాల్లో లైట్నింగ్ అరెస్టర్ కూడా ఖర్చులో ముందే రాసుకోవాలి.

ఇంటి బోర్డులో బ్యాటరీ మీద నడిచే పాయింట్లను వేరు చేసేటప్పుడు ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా వేరు చేయాలి. ఫేజ్ ఒక్కటే మార్చి, న్యూట్రల్ పాతదానితోనే కలిపి ఉంచితే, కరెంటు లీకైతే తెంచే ఆర్‌సీసీబీ ఊరికే ట్రిప్ అవుతుంది, కారణం ఎంత వెతికినా దొరకదు. మెయిన్ బోర్డు దగ్గర పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ప్లాన్ మీది, లెక్క మీది, స్టాండు దగ్గర నిలబడి చూసుకునేది మీరే. 230 వోల్టుల కొసను మాత్రం తెలిసినవాళ్లకు వదలండి.

అన్నీ బిగించాక స్విచ్‌లు వేసే వరుస కూడా ముఖ్యం. ముందు మల్టీమీటర్‌తో ప్రతి వరుస ప్లస్, మైనస్ సరిచూసుకోవాలి. తర్వాత బ్యాటరీ ఆన్ చేసి, ఇన్వర్టర్ దాని వోల్టేజీని సరిగ్గా చూపిస్తోందో లేదో చూడాలి. ఆ తర్వాతే ప్యానెళ్లు, చివర్లో ఇంటి లోడు. ఆపేటప్పుడు లోడు, ప్యానెళ్లు, బ్యాటరీ. చాలా ఛార్జ్ కంట్రోలర్లకు బ్యాటరీ లేకుండా ముందే ప్యానెల్ కలిపితే దెబ్బ తగులుతుంది. మొదటి వారం రోజూ సాయంత్రం బ్యాటరీ కేబుల్ కొసలను, ఎంసీబీ చుట్టుపక్కలను చూడండి. ఎక్కడైనా వేడి తగిలితే అక్కడ నట్టు వదులైందని అర్థం. అన్నీ ఆఫ్ చేసి బిగించండి. నెల తర్వాత మరోసారి అన్ని నట్లూ బిగించాలి, రాగి వేడికి సాగి, చల్లారి ముడుచుకుంటూ వదులవుతుంది. ప్యానెళ్లను పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే అద్దం మీద తెల్లటి పొర కడుతుంది, అలాంటి చోట కడిగిన వెంటనే వైపర్‌తో తుడవాలి.